ఆఖరి మూడు సెకన్లు

వేలం ముగియడానికి ఒక్క నిమిషమే ఉంది. ఫోన్‌లో పాత జంపఖానా ఫొటో కింద, 'ఈ నేత తెలిసినవాళ్లు కొత్తవాడలో ఇక లేరు' అని అమ్మేవాడు రాశాడు.

"జర ఆగు అత్తమ్మా. ముందే పెంచితే అవతలోళ్లు ఇంకా పెంచుతరు," అంది కోడలు దీప.

కట్టమ్మ మూడు సెకన్లు మిగిలేదాకా ఆగి వేలితో నొక్కింది. జంపఖానా ఆమెదైంది.

పార్శిల్ కొత్తవాడలోని ఇంటికి రాగానే మగ్గం పక్కన కూర్చుని, కత్తెరతో అంచు కోసి, ఒక్కో పోగూ లాగసాగింది.

"చెవుల కమ్మలమ్మి కొన్నదాన్ని ఖరాబు జేత్తానవేంది?" దీప అరిచింది.

"ఈ నేత మా అమ్మది. నాకు నేర్పకుండనే పోయింది. ఏ పోగెనుక ఏ పోగో ఇప్పితేనే తెలుత్తది. ఇదే మల్ల నేత్త. ఎవ్వరు లేరని రాసిండు గద, మొదటిది వానికే పంపుత."