పదకొండు కార్డుల లెక్క

"ఇవి నిజంగా లెక్కలేనా అమ్మగారూ? ఉన్నదున్నట్టు చెప్పండి," అంటూ బాపయ్య పదకొండు పోస్టుకార్డులు మాణిక్యమ్మ గారి బల్ల మీద పెట్టాడు.

ఆమె గుంటూరులో ఆడపిల్లల కాలేజీ లెక్చరరు, ఫిజిక్సు చెబుతారు. ఆయన మిరపకాయల దళారి. కూతురు కోటిరత్నం ఆమె దగ్గరే బీయస్సీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. పరీక్షలు ఇంకా రెండు నెలలున్నాయి.

కార్డులు వాల్తేరు నుంచి వారానికొకటి వస్తున్నాయి. కార్డు నిండా ఎడమవైపొకటి, కుడివైపొకటి చొప్పున అంకెల వరుసలే, కింద మల్లేశ్వరి అని సంతకం. నాకంటే ఏడాది ముందు చదివిన పిల్ల నాన్నా, అక్కడ ఎమ్మెస్సీలో చేరింది, నాకు లెక్కలు పంపుతోంది అంటుంది కోటిరత్నం. పోస్టుమాన్ దగ్గర్నుంచి పక్కింటివాళ్ల దాకా అందరూ చదివే ఐదు నయాపైసల కార్డు ముక్క మీద దాచేదేముంటుందని పెళ్లాం గురవమ్మ కూడా కూతురి పక్షమే పలికింది.

బాపయ్యకు మాత్రం నమ్మకం కుదరలేదు. ఊరికే నమ్మేవాడైతే ఆయన దళారి ఎందుకవుతాడు? ముప్పై ఏళ్లుగా ఆయన బతుకంతా తువ్వాలు కిందే. కొనేవాడి చేతి మీద తువ్వాలు కప్పి, ఆ చాటున వేళ్లు నొక్కి ధర చెబుతాడు. చుట్టూ నలభైమంది గుడ్లప్పగించి చూస్తున్నా ఒక్కడికీ అంతుపట్టకుండా బేరం తెగిపోతుంది. అంకెలు మాట్లాడతాయని అలాంటివాడికి ఒకరు చెప్పాలా?

పైగా పిల్ల వాలకం ఒకటి. లెక్కలొస్తే ఎవరైనా తల గోక్కుంటారు గానీ, ఇది కార్డు చూసి నవ్వుకుంటుందేం? మొన్నటిదాన్ని ఐదుసార్లు చదివింది. తలుపు చాటు నుంచి ఆయనే లెక్కపెట్టాడు.

"ఇది ప్రేమ యవ్వారమని తేలితే సోమవారం నుంచి దానికి కాలేజీ లేదు, పరీక్షా లేదు. అద్దంకి సంబంధం ఖాయం చేసేస్తా," అన్నాడు.

మాణిక్యమ్మ గారు కళ్లజోడు పెట్టుకుని కార్డులు ఒక్కొక్కటే చూశారు. ఏ తొందరా లేదు. ఆ నిదానం కూడా బాపయ్యకు అనుమానంగానే తోచింది. ఎంతైనా ఆడవాళ్లూ ఆడవాళ్లూ ఒకటి.

ఆ తర్వాత ఆమె ఓపిగ్గా చెప్పుకొచ్చారు. ఇవి వాయువుల లెక్కలట. ప్రతి వాయువుకీ ఒక హద్దు వేడి ఉంటుందట. అది దాటితే ఎంత నొక్కినా ఆ వాయువు ద్రవం కాదట. ఇప్పుడున్న వేడిని ఆ హద్దుతో భాగిస్తే వచ్చేది ఎడమవైపు అంకె. దాన్నిబట్టి ఆ వాయువు పుస్తకంలోని సూత్రానికి ఎంత పక్కకు తప్పుతుందో చెప్పేది కుడివైపు అంకె. దాని పేరు విరియల్ గుణకమట.

ఆ పేరు వినేసరికి బాపయ్య అనుమానం ఇంకాస్త ముదిరింది.

"అయితే నా కళ్లముందు ఒకటి వేసి చూపించండి. ఏది వెయ్యాలో నేను చెబుతా," అన్నాడు.

ఏడో కార్డు లాగి నడిమధ్య వరుస మీద వేలు పెట్టాడు. ఆమె వంగి ఆ వరుస చూసి, ఎడమవైపు అంకెను కాగితం మీదికి ఎక్కించుకున్నారు. ఆయన వెంటనే కార్డు జేబులో పెట్టేసుకున్నాడు. చూసి రాస్తే అది లెక్కెలా అవుతుంది?

మాణిక్యమ్మ గారు లాగరిథమ్ పట్టికల పుస్తకం తీశారు. గుణించారు, భాగించారు, కొట్టేశారు, మళ్లీ వేశారు. బాపయ్య ఆమె మొహం చూడలేదు, వేళ్లనే చూస్తూ కూచున్నాడు. మొహం అబద్ధమాడుతుంది గానీ వేళ్లు ఆడవని ఆయన అనుభవం. ఆ వేళ్లు ఎక్కడా తడబడలేదు. అరగంటకు కాగితం నిండింది. చివరికి ఒక అంకె రాసి, దానికింద రెండు గీతలు గీశారు.

ఆయన జేబులోంచి కార్డు తీశాడు. నూటముప్పై ఎనిమిది పాయింటు నాలుగు. కాగితం మీదా అదే ఉంది, పాయింటు పక్కన నాలుగుతో సహా.

బాపయ్యకు గుండెల మీది కుంపటి దిగినట్టయింది. ఆ వెంటనే సిగ్గేసింది. బంగారంలాంటి పిల్లను పట్టుకుని ఎన్నెన్ని అనుకున్నాడు!

"పాపిష్టి కళ్లమ్మా నావి," అన్నాడు. పెళ్లిమాట పరీక్షలయ్యాకే అని అద్దంకి కబురు పెడతానన్నాడు. కూతురికి తన చేత్తో ఇచ్చే మొహం లేక, కార్డులన్నీ ఆమె దగ్గరే వదిలి వెళ్లిపోయాడు.

మర్నాడు క్లాసయ్యాక మాణిక్యమ్మ గారు కోటిరత్నాన్ని ఉండమని, అందరూ వెళ్లేదాకా ఆగి, కార్డులు దాని చేతిలో పెట్టి గొంతు తగ్గించి అన్నారు: "మీ మల్లేశ్వరి ఎవరో నేనడగను గానీ, హద్దుకు లోపున్న వాయువుకి గుణకం ముందు మైనస్ ఉండి తీరాలని అతనికి రాయి, నిన్న మీ నాన్న ముందు ఆ అంకె రప్పించడానికి కింది నుంచి పైకి అరగంట దొంగలెక్క అల్లాల్సొచ్చింది."