ఏడో నంబరు సీటు

"వరసగా పదకొండుసార్లు ఓడిపోయిన చోటికి పన్నెండోసారి బస్సు కట్టించుకుని వెళ్లడమేంటి మేస్త్రీ?" అన్నాడు డ్రైవరు, టైరును కాలితో తన్ని చూస్తూ.

"పన్నెండోసారి గెలవడానికి," అన్నాడు మేస్త్రీ.

రేపు మధ్యాహ్నం ఊరి ఫుట్‌బాల్ జట్టు నది అవతలి ఊళ్లో ఆడాలి. అవతలి జట్టు పట్టికలో మొదటిది. వీళ్లది కింద నుంచి రెండోది.

ఊరంతా పెదవి విరిచింది. మేస్త్రీ మాత్రం మీసం మెలేశాడు. తన మరమ్మతు షెడ్డులోనే బస్సు నిలబెట్టించి, పక్కన బల్ల మీద రిజిస్టరు తెరిచాడు.

"అందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి," అని గొణిగాడు డ్రైవరు.

"ఆ ఉలిపికట్టెనే నేను. టైర్లో గాలి చూడు."

బస్సెక్కే ప్రతివాడూ ఆ రిజిస్టరులో సొంత చేత్తో సంతకం పెట్టాలి. పేజీ పైన మేస్త్రీ రాసిన మాట ఒక్కటే: 'ఓడుతున్నా ఆఖరి విజిల్ దాకా అరుస్తాం.' ఒకసారి మూడు గోల్స్ పడగానే తొమ్మిదిమంది లేచి బస్సులో పడుకున్నారు. అప్పటినుంచీ ఈ కట్టుబాటు.

"సీటుందా మేస్త్రీ గారూ?"

గుమ్మంలో ఒక పెద్దాయన. బక్కపలచటి మనిషి. పాత కోటు, రెండు చేతులూ కోటు జేబుల్లో.

మేస్త్రీ నమస్కారం పెట్టాడు. పెద్దాయన తల ఊపాడే తప్ప చేతులు బయటికి తియ్యలేదు. మేస్త్రీకి చిర్రెత్తింది.

"ఏ ఊరు మీది?"

"పుట్టింది ఇక్కడే. ఉండేది నది అవతల."

డ్రైవరు మేస్త్రీ వైపు చూశాడు. మేస్త్రీ రిజిస్టరును తన వైపు లాక్కున్నాడు.

"అవతల ఉండేవాళ్లకి మా బస్సెందుకు? మైదానం మీ గుమ్మంలోనే ఉందిగా."

"వాళ్ల మధ్య నోరు మూసుకుని ఇరవై ఏళ్లు చూశాను. ఒక్కసారి మనవాళ్ల మధ్య కూర్చుని అరవాలని ఉంది." పెద్దాయన కళ్లు మెరిశాయి. "ఈసారి మనం గెలుస్తాం."

ఊళ్లో ఆ మాటన్నవాడు మేస్త్రీ తర్వాత ఆయనొక్కడే. మేస్త్రీ మనసు కాస్త మెత్తబడింది.

"వెనక వరసలో ఒకటుంది."

"మోకాళ్లు సహకరించవు. ఆ ముందరి ఏడో నంబరు ఖాళీగా ఉన్నట్టుందే?"

మేస్త్రీ మొహం మారిపోయింది. ఏడో నంబరు సీటు మీద మడత పెట్టిన పాత జెండా ఉంది. దాని ఒక మూల కాలిపోయింది.

"అది ఖాళీ కాదు. ఒకాయనది."

"ఎవరు?"

"తెలిస్తే కాళ్లు కడిగి తెచ్చుకునేవాణ్ణి. ఇరవై ఏళ్ల కిందట అక్కడ గెలిచాం, ఒకే ఒక్కసారి. వాళ్లకి ఒళ్లు మండి మన జెండా లాక్కుని కిరసనాయిలు పోసి అంటించారు. మేం ప్రాణాలు అరచేత పట్టుకుని బస్సులో పడ్డాం. బస్సు కదిలాక మనవాడెవడో ఆ జెండాని కిటికీలోంచి లోపలికి విసిరాడు. అప్పటికి మంట లేదు, పొగే. బస్సు ఆపమని ఒక్కరం కూడా అనలేదండీ. ఆ గుంపులో ఆయన్ని వదిలేసి వచ్చేశాం. మొహం కూడా చూళ్లేదు."

మేస్త్రీ జెండా వైపు వేలు చూపించాడు.

"అప్పటినుంచీ ఆ సీటు ఆయనది. మంత్రి వచ్చి అడిగినా ఇవ్వను."

"ఆయనొస్తే గుర్తుపడతారా?"

"వెయ్యిమందిలో ఉన్నా పడతాను! అలాంటి మనిషి గుమ్మంలో అడుగు పెడితేనే తెలిసిపోతుంది."

పెద్దాయన నవ్వాడు.

"అయితే వెనకే కూర్చుంటాను లెండి. పేరు రాసుకోండి."

"సంతకం మీరే పెట్టాలి."

"మీరే రాయండి. ఏమీ అనుకోకండి."

"రాయడం రాకపోతే సిగ్గేం లేదు. వేలిముద్ర వెయ్యండి." మేస్త్రీ సిరా డబ్బీ ముందుకు తోశాడు.

పెద్దాయన చేతులు జేబుల్లోంచి కదల్లేదు.

మేస్త్రీ ఇక ఆగలేకపోయాడు. "జేబులోంచి చెయ్యి తియ్యడమే బరువైనవాడు తొంభై నిమిషాలు మాతో ఏం నిలబడతాడు? వెళ్లండి. వెళ్లి మీ అవతలి వాళ్ల మధ్యే కూర్చోండి!"

పెద్దాయన ఏడో నంబరు వైపు ఓసారి చూశాడు.

"కాలిన మూల లోపలికి పెట్టి మడవండి. అంచు రాలిపోతోంది," అన్నాడు. "గెలిచి రండి."

వెళ్లిపోయాడు.

"గూఢచారే, సందేహం లేదు," అన్నాడు డ్రైవరు.

"ఎవడైతే నాకేం? రేపు అక్కడ మన గొంతు వినపడాల్సిందే."

అంటూనే మేస్త్రీ బస్సెక్కి జెండా తీశాడు. అంచు నిజంగానే రాలుతోంది. కాలిన మూల లోపలికి పెట్టి మళ్లీ మడిచాడు.

ఖాళీ గ్లాసుల కోసం వదిన లోపలికి వచ్చింది. షెడ్డు ముందు టీ కొట్టు ఆవిడదే.

"ఏం మరిదీ, ఆ పెద్దాయనకి సీటివ్వలేదా? మనవాళ్లతో వెళ్తున్నానని నా దగ్గర అంత మురిసిపోయాడు, ఇప్పుడు చూస్తే తలొంచుకుని అవతలి బస్సెక్కి వెళ్లిపోయాడు."

"సంతకం పెట్టనన్నాడు వదినా. పొగరు!"

వదిన చేతిలో గ్లాసులు ఆగిపోయాయి.

"ఎలా పెడతాడయ్యా, వేళ్లన్నీ కాలి అతుక్కుపోయి ఉంటే, టీ కూడా నేనే పట్టి తాగించాను, ఇదేంటండీ అంటే, ఇరవై ఏళ్ల కిందట ఏదో గుడ్డ అంటుకుంటే చేత్తో ఆర్పానమ్మా అని నవ్వాడు."