గుమ్మం దగ్గర దూది

పోయిన చలికాలం గింజలు చాలక ఉడుత పిల్లలు పస్తులున్నాయి. అందుకని అడవిలో ఒక చట్టం చేశారు. ఇకపై తొర్రలో కాపురం పెట్టేవాళ్లు గోడలన్నిటికీ నాలుగు వేళ్ల మందాన దూది పరచాలి. ఇల్లు వెచ్చగా ఉంటే తిండి తక్కువ పడుతుంది. తనిఖీ పని వడ్రంగి పిట్టకు అప్పగించారు.

ఒక ఉడుత లెక్క వేసుకుంది. బూరుగు చెట్టు వాగు అవతల ఉంది. దూదికి వెళ్లిన ప్రతిసారీ ఆ పూట ఏరుకునే గింజలు పోతాయి. వడ్రంగి పిట్ట ఎలాగూ గుమ్మం పక్కనే ముక్కుతో కొట్టి, చప్పుడు విని వెళ్లిపోతుంది. అందుకని అక్కడ మాత్రమే దూది కుక్కింది.

పిట్ట వచ్చి కొట్టింది. "బాగుంది కోడలా" అని ఎగిరిపోయింది.

పక్క తొర్ర ఉడుత గోడలన్నీ కప్పింది. దాని దగ్గర గింజలు సగమే.

"ఏం అక్కా, చలికాలమంతా దూది తింటావా?" అని ఇది నవ్వింది.

చలి ముదిరింది. పిల్లలు వణికినకొద్దీ ఆకలని ఏడ్చాయి. చలికాలం సగం గడవకముందే గింజలు అడుగంటాయి. ఉడుత తల దించుకుని పక్క తొర్రకు వెళ్లింది.

"గింజలిస్తాలే. ముందు పిల్లల్ని ఇక్కడ పడుకోబెట్టు, తక్కువ తింటాయి" అంది అక్క.

మరుసటి ఏడు వడ్రంగి పిట్ట గుమ్మం పక్కన కొట్టి, "బాగుంది కోడలా" అంటూ రెక్కలు విప్పింది.

"ఆగు మామా," అంది ఉడుత. "మా పిల్లలు పడుకునేది వెనక గోడ దగ్గర. అటు వెళ్లి కొట్టు."