మేలిమి రక్తం

"కాలనీ పిల్లలు అరవై మందిలో ఒక్కరికీ దోమజ్వరం సోకలేదా? ఆ కాలనీలో నిలబడితే దోమలు ఎత్తుకుపోతాయండీ!" డాక్టరమ్మ రిపోర్టును బల్ల మీద కొట్టింది.

"టెస్టు అబద్ధమాడదు మేడమ్," అన్నాడు ల్యాబ్ టెక్నీషియన్. ఇరవై ఏళ్ల సర్వీసులో తన చెయ్యి తప్పలేదని ఆయనకు గట్టి నమ్మకం. ఆ మాట ఇంకెవరూ అనలేదు, ఆయనే అనుకున్నాడు.

ఆ రిపోర్టు సాయంత్రం పైకి వెళితే కాలనీలో దోమల మందు కొట్టడం ఆపేస్తారు. పిల్లలు మళ్లీ మంచాన పడతారు. డాక్టరమ్మ భయమంతా అదే.

"అసలు ఎలా తేల్చారు?"

"దోమజ్వరం సోకినవాళ్ల రక్తంలో యాంటీబాడీలుంటాయి కదా, ప్లేటులో వేస్తే రంగు ముదురుతుంది. జ్వరం సోకని రక్తం పక్కన పెట్టి పోల్చా. దానికంటే ముదిరింది ఒక్కటీ లేదు."

"ఆ సోకని రక్తం ఎవరిది?"

"హెడ్డాఫీసు పంపింది అయిపోయింది. నాదే వాడా. పుట్టి బుద్ధెరిగాక జ్వరమన్నది ఎరగను మేడమ్. మేలిమి రక్తం!"

డాక్టరమ్మ తల పట్టుకుంది. "జ్వరం తెలియకుండా కూడా సోకుతుందండీ! వెళ్లి వేరేవాళ్లది తెండి."

ఆయన ఇంటికి పరిగెత్తాడు. భార్య చెయ్యి చాపుతూ, "ఇన్నేళ్లూ నా రక్తం తాగింది చాల్లేదా?" అంది.

మళ్లీ టెస్టు చేశాడు. ఆవిడ రక్తం పక్కన పెట్టి చూస్తే ముప్పై ఎనిమిది మంది పిల్లలది పచ్చగా ముదిరింది. అందరికంటే ముదురు ఆయనదే.

'ఊరందరినీ కుట్టిన దోమల లెక్క రాశాను గానీ, నన్ను కుట్టినవాటి లెక్కే తెలీలేదు,' అనుకున్నాడు. నవ్వొచ్చింది. పిల్లలు గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు.

"పోన్లెండి, మందు ఆగదు," డాక్టరమ్మ పాత రిపోర్టు చింపేసింది. "మీ వీధిలోనూ కొట్టిస్తా."

"మా వీధిలో కాదు మేడమ్. అదే ఇంట్లో ఉండే మా ఆవిడకి ఏమీ లేదుగా."

"మరి మిమ్మల్ని ఎక్కడ కుట్టాయి? ఇవి పగలు కుట్టే దోమలు. పగలంతా మీరుండేది..."

పగలంతా ఆయన ఉండేది ఇక్కడే, డాక్టరమ్మతో పాటు, దోమల నివారణ ఆఫీసులో.

ఆయన దూది స్పిరిట్‌లో ముంచి సిరంజి అందుకున్నాడు.

"మేడమ్, చెయ్యి ఇలా పెట్టండి."