అమ్మమ్మ చేతి కొలత

ఇప్పుడు అందరి ఇళ్లలోనూ వంట చేసేది యంత్రమే. మా యంత్రానికి చారు నేర్పింది మాత్రం నా భార్య సుగుణ. ఆమె పోయి మూడేళ్లయినా ఆ రుచి మిగిలింది. నిన్న యంత్రం ఆగిపోయింది.

"కొత్తది పెట్టేస్తాం సార్. ఇది నేర్చుకున్నవన్నీ పోతాయి," అన్నాడు కంపెనీ మనిషి.

పదేళ్ల మనవరాలు ఇందుజ స్క్రూడ్రైవర్ తెచ్చింది.

"పాపా, నువ్వు విప్పితే మాకు సంబంధం లేదు."

"మీరు విప్పను కూడా లేదుగా అంకుల్!"

"విప్పమ్మా," అన్నాను.

చింతపండు పులుసు కారి తుప్పు పట్టిన తీగను ఇందుజ వెతికి పట్టుకుని, మార్చింది. సాయంత్రానికి చారు మరిగింది.

"ఇంగువ ఎక్కువైంది తాతయ్యా. తగ్గించనా?"

"అది మీ అమ్మమ్మ చేతి కొలత. ముట్టుకోకు."

పక్కింటావిడ యంత్రమూ మొరాయిస్తోందట. మా ఇంజనీరును పంపుతానని చెప్పాను.