పిల్లల్ని దింపడానికి వచ్చినవాళ్లు

కొండ కింద బస్సు దిగగానే టైలరమ్మ మెడలోని పసుపు రుమాలు విప్పి సంచిలో దాచేసింది.

ఆ రుమాలే గుర్తు. ఫోన్లో ఏడాదిగా కబుర్లు చెప్పుకుంటున్న యాత్రికుల గుంపు ఇవాళ మొదటిసారి కలుసుకుంటోంది.

గుంపు పేరు 'పాతికలోపు పాదాలు'. పాతికేళ్లు దాటినవాళ్లకు ప్రవేశం లేదు.

టైలరమ్మకు నలభై ఎనిమిది.

గుంపులో ఆమె పేరు గాలిపటం. కుర్ర మాటలన్నీ కూతురి దగ్గర అరువు తెచ్చుకున్నవే. షాపుకొచ్చేవాళ్లు నడుము దగ్గర బట్ట బిగుతైతే గుడ్డే ముడుచుకుపోయిందంటారు. అవునవునని రోజూ తలూపే మనిషికి, తన వయసు కాస్త తగ్గించి చెప్పడం పెద్ద తప్పనిపించలేదు.

ఆ గుంపు పుణ్యమా అని ఇల్లూ షాపూ కాక ఇంకో దారి తొక్కింది. ఒంటరిగా రైలెక్కింది. అడ్మిన్ మెరుపు రోజూ పొద్దున్నే "లేవండర్రా, బద్ధకపు పాదాల్లారా!" అని తరుముతుంటే లేచి నడిచింది.

ఆ మెరుపే నిన్న రాశాడు: "వయసు దాచినవాళ్లు దొరికితే అక్కడికక్కడే గెంటేస్తా."

పరువు పోతే పోయింది, గుంపు పోతే ఎలా? మళ్లీ ఇల్లూ షాపే గతి.

బస్టాపు బెంచీ మీద ఒక పొట్టాయన కూర్చుని ఉన్నాడు. "ఎవరికోసమండీ?" అనడిగాడు.

టైలరమ్మ సంచి మూతి బిగించింది. "మా అమ్మాయిని దింపడానికొచ్చానండీ. ఏదో గుంపుతో కొండెక్కుతుందట."

"పాతికలోపు పాదాలేనా? మావాడూ అందులోనే! నేనూ వాణ్ణి దింపడానికే వచ్చా."

"ఏడీ మీవాడు?"

"వెనకాల వస్తున్నాడు. మరి మీ అమ్మాయి?"

"అదీ వెనకాలే."

దింపేవాళ్లు ముందొచ్చి, దిగేవాళ్లు వెనక రావడమేమిటని ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

బెంచీ చివర తల పూర్తిగా నెరిసిన మామ్మగారు ఒకరు కూర్చున్నారు. ఇద్దరూ ఆవిడవైపు చూశారు.

"మనవరాలు," అన్నారావిడ, మరో ప్రశ్నకు చోటివ్వకుండా.

ఎండెక్కింది. పసుపు రుమాలు ఒక్కటీ కనబడలేదు.

"ఈ కాలం పిల్లలకు టైమంటే లెక్కలేదండీ."

"పైగా ఒళ్లు వంచరు."

"మంచం దిగితే కదా!"

ముగ్గురూ కలిసి రాని పిల్లల్ని మనసారా తిట్టుకున్నారు.

చివరికి మామ్మగారే లేచారు. "ముందే ఎక్కేసి ఉంటారు. ఆ మలుపుదాకా వెళ్లి చూసొద్దాం పదండి."

మలుపులో ఎవరూ లేరు. పై మలుపులో ఉంటారేమో అన్నాడు పొట్టాయన. అక్కడా లేరు. ఇంకాస్త పైన ఉంటారేమో అంది టైలరమ్మ.

"మావాడికి భయమంటే తెలీదండీ," అన్నాడు పొట్టాయన ఆయాసపడుతూ.

"మా అమ్మాయీ అంతే. ఎక్కడికైనా ఒక్కతే వెళ్లిపోతుంది."

ఆ మాటంటూ టైలరమ్మ ఇంకో పెద్ద అడుగు వేసింది. ఇంట్లో ముసుగుతన్ని పడుకున్న కూతురి గురించి కాదు ఆ మాట.

పొట్టాయన గొంతు తగ్గించాడు. "ఆ మామ్మగారికి ఈ వయసులో ఎందుకండీ ఈ పాట్లు?"

"అవునండీ, పాపం."

పాపమన్న ఇద్దర్నీ వెనక వదిలేసి ఆవిడే ముందు పైకి చేరారు.

కొండమీద గాలి హోరెత్తిపోతోంది. కింద ఊరంతా అరచేతిలో పట్టేంతగా కనబడుతోంది. టైలరమ్మకు ఏడుపొచ్చేంత సంతోషం కలిగింది. "ఎక్కేశాం!" అని అరిచింది. పొట్టాయన రెండు చేతులూ పైకెత్తి గంతులేశాడు. పిల్లలు కనబడలేదన్న సంగతి ఎవరికీ గుర్తులేదు.

కాసేపటికి టైలరమ్మకు గుంపు గుర్తొచ్చింది. పక్కకు తిరిగి, "సారీ ఫ్రెండ్స్, జ్వరం. రాలేకపోయా," అని పంపింది.

పొట్టాయన జేబు మోగింది. ఆయనా పక్కకు తిరిగి ఏదో నొక్కాడు.

టైలరమ్మ ఫోన్లో గుంపులోని పులిపిల్ల పలికాడు: "నాకూ జ్వరమే బ్రో."

ఇద్దరూ మెల్లగా ఒకరివైపొకరు తిరిగారు.

"అయితే మీ అబ్బాయి..."

"మీ అమ్మాయి..."

గుంపులో అంకుల్స్‌ని అందరికంటే ఎక్కువ వెక్కిరించే పులిపిల్ల ఈయనా! పొట్ట పట్టుకుని నవ్వారు.

"మెరుపుకి తెలిస్తే ఇద్దర్నీ గెంటేస్తాడండోయ్," అన్నాడు పొట్టాయన. నవ్వు ఆగిపోయింది.

టైలరమ్మ ఫోను మళ్లీ తెరిచింది.

"తెలియనివ్వండి. ఈ కొండెక్కింది మా అమ్మాయి కాదు, నేను. ఇంకెవరో ఎక్కారని చెప్పలేను."

గబగబా రాసేసింది: "జ్వరం అబద్ధం. వయసూ అబద్ధమే. నాకు నలభై ఎనిమిది. ఇప్పుడు కొండమీదున్నాను. గెంటేస్తే గెంటేయండి."

మెరుపు పలకలేదు. మిగతావాళ్లు మాత్రం ఒకరి వెనక ఒకరు మొదలెట్టారు.

"నాకు యాభై మూడు. కింద కాఫీ కొట్టులో దాక్కున్నా."

"నాకు యాభై. బస్సు దిగి మళ్లీ అదే బస్సెక్కేశా. ఉండండి, వెనక్కొస్తున్నా!"

ఇంకా మెరుపు జవాబు లేదు. టైలరమ్మ ఫోను మీంచి చూపు తిప్పలేకపోయింది.

బండమీద బూట్లు విప్పుకుని కూర్చున్న మామ్మగారు తన ఫోను ముందుకు చాపారు.

"ఊరికే మోగుతోందమ్మా. కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాను, కాస్త చదివిపెట్టు."

టైలరమ్మ అందుకుంది. తెర నిండా అవే మాటలు. అన్నిటికీ పైన తనదే. తన మాటలు తానే చివరిదాకా చదివి వినిపించింది.

మామ్మగారు నవ్వుతూ కళ్లు తుడుచుకున్నారు.

"నిన్ను గెంటేయడమేమిటే పిచ్చిదానా! ఆ పాతికేళ్ల రూలు పెట్టకపోతే నా గుంపు నిండా ముసలాళ్లే చేరతారని భయపడ్డాను!"