లేవని వరుస

ట్రాక్టరు గేటు దాటి నేరుగా గ్రౌండులోకి వచ్చేసింది. దాని వెనక మొరం మట్టి నింపిన ట్రాలీ. ట్రాలీ వెనక బైకు మీద ప్రెసిడెంటు.

పీఈటీ జయశ్రీ విజిల్ ఊదింది. ఊదితే ఆగుతుందా? ఖోఖో కోర్టుకు బారెడు దూరం దాకా వచ్చి ఆగింది. అదీ కోర్టులో కూర్చున్న ఎనిమిది మంది ఆడపిల్లలు లేవలేదు కాబట్టి. ఒకరు తూర్పుకు, ఒకరు పడమరకు మొహం పెట్టి, ఆటలో ఎలా కూర్చున్నారో అలాగే ఉన్నారు.

"మేడం, జర పిల్లలను పక్కకు జరగమనుండ్రి. ఈడ క్రికెట్ పిచ్ ఎయ్యాలె," అన్నాడు ప్రెసిడెంటు, బైకు దిగకుండానే.

ప్రెసిడెంటంటే దేశానికి కాదు. రోడ్డుకు అవతల ఉన్న మూడంతస్తుల ప్రైవేటు స్కూలు పేరెంట్స్ కమిటీకి. ఆ స్కూలులో లిఫ్టు ఉంది, ఏసీ క్లాసులున్నాయి, టై, బెల్టు ఉన్నాయి. పిల్లలు పరిగెత్తడానికి జానెడు జాగా మాత్రం లేదు. అందుకని కమిటీ వాళ్లు చందాలేసుకుని ఇవతలున్న ప్రభుత్వ హైస్కూలు ప్రహరీకి సున్నం కొట్టించారు. ఆ మాత్రానికే హెడ్మాస్టరు కరిగిపోయి, గ్రౌండు మీదేనని నోటిమాట ఇచ్చేసి, ఇవాళ సెలవు పెట్టాడు.

జయశ్రీ ఖిల్లా ఘణపూర్ నుంచి వనపర్తికి బదిలీ మీద వచ్చి రెండు నెలలు. వచ్చిన రోజే, "మగపిల్లలేరి సార్?" అని అడిగితే హెడ్మాస్టరు రోడ్డు అవతలికి చెయ్యి చూపించాడు. ఊరు జిల్లా కేంద్రమైంది, ప్లాట్ల రేట్లు పెరిగాయి, పసుపు బస్సులు దిగాయి. తొమ్మిది వందల మంది చదివిన బడిలో ఇప్పుడు నూట ముప్పై మంది. వాళ్లలోంచే ఆమె జట్టు కట్టింది. ఆరేళ్ల తర్వాత ఆ బడి జోనల్ పోటీలకు ఎక్కింది. పోటీలు పది రోజుల్లో, నాగర్‌కర్నూల్‌లో. ఈ కోర్టు పోతే ప్రాక్టీసుకు మిగిలేది మరుగుదొడ్ల వెనక కంకర కుప్ప.

"పది రోజులు ఆగుండ్రి. తర్వాత మాట్లాడుకుందం," అంది జయశ్రీ.

"మా పిల్లగాడు గల్లీల బౌలింగ్ జేస్తుంటే పక్కింటి అద్దాలు పగుల్తున్నయ్ మేడం. ఏడాదికి గంత ఫీజు కడ్తున్నం, ఆడనీకె జాగ ఉండొద్దా? మీ పిల్లలు గుడ్డు తిననీకె వచ్చేటోళ్లు. ఆళ్లకు ఆటలెందుకు?"

జయశ్రీకి ఒళ్లు మండిపోయింది.

"గుడ్డు తిన్నోళ్లే జోనల్‌కు పోతున్నరు. మీవోళ్లు ఇంక గల్లీ దాటలేదు."

పిల్లలు కిసుక్కున నవ్వారు. ప్రెసిడెంటు మొహం కందగడ్డ చేసుకుని బైకు దిగాడు. చెప్పులతోనే కోర్టులోకి వచ్చాడు. "ఏయ్, లెవ్వు! లెవ్వుమంటుంటే!" అని ఒక్కొక్కరి నెత్తిన నిలబడి అరిచాడు. ఏడుగురి దగ్గరా అదే అరుపు. ఒక్కరూ లేవలేదు. ఎనిమిదో అమ్మాయి సరిత, జట్టు కెప్టెన్. ఆమె దాకా వచ్చి, మొహం తిప్పుకుని, చివరనున్న ఖోఖో పోల్ దగ్గరికి వెళ్లి దాన్ని పట్టుకుని ఊపడం మొదలుపెట్టాడు. కెప్టెన్ చూపుకు జంకాడని జయశ్రీ లోలోపల మురిసిపోయింది.

"ఆడపిల్లలు ఆడి ఏం ఉద్ధరిస్తరు మేడం? రేపు అత్తగారింట్ల గిన్నెలు తోమేటోళ్లు. వీళ్ల మీద ఏం పెట్టినా దండుగ."

ఇక జయశ్రీ మర్యాద కూడా మానేసింది.

"వీళ్లకు అమ్మానాయినలు లేరా? వీళ్ల నాయినలు ఈడ ఉంటే గిట్లనే మాట్లాడుతవా నువ్వు?"

ప్రెసిడెంటు నవ్వాడు.

"ఆళ్ల నాయినలు రారు మేడం. నాకు ఎరికే. ఎన్నడన్న ఒక్కడన్న వచ్చిండా ఈ బడికి?"

ఆ మాట నిజం. అందుకే ఆమెకు మరింత మండింది. మూడుసార్లు మీటింగు పెడితే వచ్చింది నలుగురు తల్లులు, ఒక నాయనమ్మ. ఒక్క తండ్రి కూడా గేటు దాటి రాలేదు.

"ఇయ్యాల వస్తరు," అంటూ ఫోను తీసింది. "నీ ముంగటనే ఒక్కొక్కరికి జేస్త. నీ మాటలు ఆళ్లకు వినిపిస్త. సరితా, ముందుగాల మీ నాయిన నంబరు చెప్పు బిడ్డా."

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పక్కనున్న పిల్ల "వద్దక్కా" అని గొణిగింది.

సరిత తలెత్తింది. కూర్చున్న చోటి నుంచి కదలకుండా ఒక్కొక్క అంకె ఒత్తి ఒత్తి చెప్పింది. ఒక్క అంకె కూడా తప్పలేదు. జయశ్రీ నొక్కుతూ పోయింది.

"ఏం జూస్తున్నవ్‌ర మల్లేశ్? పోనియ్ బండి!" ప్రెసిడెంటు ట్రాక్టరు డ్రైవరు మీద విరుచుకుపడ్డాడు.

మల్లేశ్ ఎనిమిది మందినీ చూశాడు. ఇంజను ఆపేశాడు.

మరుక్షణం ప్రెసిడెంటు చొక్కా జేబులో ఫోను మోగడం మొదలైంది.